పెన్నా ఇసుక ఇళ్లయిపోయిన మ్యాపు

ప్రశ్న: సార్, నమస్తే. మాది నెల్లూరుకు ఆనుకుని ముత్తుకూరు రోడ్డు వైపున్న ఒక పల్లె. ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టుకు ‘నెల్లూరు నగర విస్తరణ, పర్యావరణ మార్పులు’ అన్న అంశం ఇచ్చారు. 1991 మే, 2023 మే నెలల ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు రెండు దించుకుని, పుస్తకంలో చెప్పినట్టే ఎన్‌డీబీఐ సూచిక లెక్కకట్టి కట్టడాల మ్యాపులు తయారుచేశాను. రెండింట్లోనూ పెన్నా నది పొడుగునా ఇళ్లున్నట్టు వచ్చింది. కోతలైపోయిన కయ్యలు (వరి మడులు) కూడా ఇళ్లే. మా గైడు గారు నది వరకు కత్తిరించేసి సబ్మిట్ చెయ్యమంటున్నారు. ఉష్ణోగ్రత మ్యాపులో ఊరికంటే పొలాలే వేడిగా ఉన్నాయి. ‘గూగుల్‌లో చూస్తే కనపడేదానికి ఇంత చదువెందుకు’ అని మా అన్న అంటున్నాడు. మా నాయన అడిగేది వేరే. మా ఊరి చెరువు లోపలి భాగం కొంచెం కొంచెంగా ప్లాట్లయిపోతోంది, నీ చదువుతో అదేమైనా చూపించగలవా అంటున్నాడు. నేను చేసిందంతా వృథా అయినట్టేనా?
– ఒక విద్యార్థిని

సమాధానం: అమ్మణ్ణీ, వృథా కాలేదు. నది ఇళ్లుగా వచ్చేసరికి ‘ఇదేంటి’ అని ఆగావు చూడు, నీ ప్రాజెక్టు అక్కడ మొదలైంది. ఆ ముక్కను మాత్రం కత్తిరించొద్దు. నది కత్తిరిస్తే పోతుంది. కయ్యల్ని ఎక్కడని కత్తిరిస్తావు?

తప్పు ఎందుకొచ్చిందో ముందు చూద్దాం. ఎన్‌డీబీఐ చేసే పని చాలా చిన్నది. మన కంటికి ఆనని రెండు రకాల పరారుణ కాంతిలో నేల ఏది ఎక్కువగా తిప్పి పంపుతోందో పోల్చి చూస్తుంది. పచ్చటి ఆకు వాటిలో మొదటిదాన్ని, అంటే సమీప పరారుణాన్ని, బాగా వెనక్కి కొడుతుంది. రెండోదాన్ని, అంటే పొట్టి తరంగాల పరారుణాన్ని, తడి మింగేస్తుంది. ఇటుక, సిమెంటు, డాబా కప్పు అయితే తడీ ఉండదు, ఆకూ ఉండదు కాబట్టి ఈ రెండోదే ఎక్కువగా తిరిగొస్తుంది. అంతవరకు బాగుంది. కానీ ఎండిన ఇసుకలో మాత్రం తడి ఉందా, ఆకు ఉందా? దుక్కి కూడా దున్నని మే నెల కయ్యలో ఉందా? ఆ సూచిక ‘ఇక్కడ ఇల్లుంది’ అని ఎప్పుడూ చెప్పలేదు. ‘ఇక్కడ పొడిగా, బోడిగా ఉంది’ అని మాత్రమే చెప్పింది. దాన్ని ఇల్లని చదివింది మనం.

ఈ సూచికను 2003లో ప్రకటించినవాళ్లు దాన్ని చైనాలోని నాన్‌జింగ్ నగరం మీద పరీక్షించారు. యాంగ్జీ నది ఒడ్డున తేమగా, పచ్చగా ఉండే చోటు. అక్కడ పొడిగా, బోడిగా కనపడేది ఎక్కువగా ఊరే. ఆ కొలబద్దను తెచ్చి రోహిణి కార్తెలో పెన్నా ఇసుక మీద పెడితే అది ఏం చేస్తుంది పాపం! మన పుస్తకాల్లో సూత్రం ఇస్తారు గానీ అది ఏ నేల మీద పుట్టిందో చెప్పరు. నాకు బాధ కలిగించే విషయం ఇది. పిల్లలు సూత్రం సరిగ్గానే వేస్తారు, జవాబు తప్పుగా వస్తుంది, తప్పు తమదే అనుకుని మ్యాపును కత్తిరిస్తారు.

దీనికి మందు ఏమిటంటే, ఒక్క రోజు చిత్రాన్ని నమ్మకుండా ఏడాది పొడుగునా చూడటం. ఎన్‌డీవీఐ తెలుసు కదా, పచ్చదనం సూచిక. ఆకు ఎరుపు కాంతిని తాగేసి పరారుణాన్ని తిప్పికొడుతుందన్న దాని మీద నడిచేది. ఒక్కో పిక్సెల్‌కు, అంటే చిత్రంలోని ఒక్కో గడికి, ఆ ఏడాదిలో దొరికిన మబ్బు లేని చిత్రాలన్నీ తీసుకుని, ఆ చోటు గరిష్ఠంగా ఎంత పచ్చబడిందో లెక్కకట్టు. కయ్య మేలో ఎంత బోడిగా ఉన్నా జనవరి, ఫిబ్రవరి నెలల్లో నిండుగా పచ్చబడుతుంది. డాబా ఏ నెలలోనూ పచ్చబడదు. ఈ ఒక్క ప్రశ్నతో, ఏడాదిలో ఒక్కసారైనా పచ్చబడిందా అన్న ప్రశ్నతో, నీ తప్పుల్లో పెద్ద భాగం విడిపోతుంది. ఉపగ్రహ చిత్రాల మీద ఆన్‌లైన్‌లోనే లెక్కలు చేసే గూగుల్ ఎర్త్ ఇంజన్‌లో ఈ లెక్క కొద్ది వరుసల పని, విద్యార్థులకు ఉచితం. ల్యాండ్‌శాట్ చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితమే కాబట్టి డబ్బు చిక్కు కూడా లేదు.

నది మాత్రం ఈ జల్లెడలో పడదు, ఇసుక కూడా ఏడాదంతా పచ్చబడదు కదా. దాన్ని చేత్తో గీసి ‘నది ఇసుక’ అని విడిగా ఒక తరగతి పెట్టు. ఎందుకు తీసెయ్యొద్దంటున్నానంటే, ఈ ముప్పై ఏళ్లలో నది కూడా మారింది. నెల్లూరు బ్యారేజీ, సంగం బ్యారేజీ 2022 సెప్టెంబరులో మొదలయ్యాయి. బ్యారేజీ ఎగువన నీళ్లు నిలిచిన చోట 1991లో ఇసుక ఉండేది. నీ పాత మ్యాపులో అది ఇళ్లు, కొత్త మ్యాపులో అది నీళ్లు. అంటే నెల్లూరులో ఒక పేట మొత్తాన్ని కూల్చి చెరువు తవ్వినట్టు నీ పట్టిక చెబుతుంది!

ఇక కాలం సంగతి. చాలా పుస్తకాల్లో ‘వర్షాకాలం పోయాక అక్టోబరు, నవంబరు చిత్రాలు తీసుకో’ అని రాసి ఉంటుంది. అది నైరుతి వానల మీద బతికే ప్రాంతాలకు. మనకు అసలు వానలు పడేదే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్యంలో. ఆ మూడు నెలల చిత్రాల్లో సగం తెల్లటి మబ్బులే. మనకు ఆకాశం తేటపడేది సంక్రాంతికి. జనవరి నెలాఖరు నుంచి మార్చి దాకా దొరికే చిత్రాలు నెల్లూరుకు బంగారం: చెరువుల్లో నీళ్లుంటాయి, కయ్యల్లో పైరుంటుంది, పొడి తక్కువ. రెండు సంవత్సరాల్లోనూ అవే నెలలు తీసుకో.

మన ప్రాంతంలో మాత్రమే ఉండే తికమకలు కొన్ని ఉన్నాయి. వీటిని ఏ పుస్తకమూ చెప్పదు కాబట్టి కొంచెం ఎక్కువసేపు చెబుతాను.

మొదటిది రొయ్యల గుంటలు. 1990ల మొదట్లో మన తీరంలో కయ్యలు గుంటలయ్యాయి. ముత్తుకూరు వైపు మీకది కళ్లెదుటి సంగతే. వాటిని గుర్తించడానికి ‘ఎండాకాలంలో నీళ్లున్న పొలం రొయ్యల గుంట’ అని నియమం పెట్టుకునేవాళ్లున్నారు. సోమశిల జలాశయం నిండి ఎడగారుకు (ఎండాకాలపు రెండో పంటకు) నీళ్లు వదిలిన ఏడాది ఆ నియమం కుప్పకూలుతుంది. ఎండాకాలంలోనే కయ్యలకు నీళ్లు పెట్టి నాట్లు వేస్తారు, పైనుంచి చూస్తే నీటి మడుగే. కాబట్టి ఇక్కడా అదే ప్రశ్న వెయ్యాలి. నీళ్లున్న ఈ చోటు తర్వాత రెండు నెలల్లో పచ్చబడిందా? పచ్చబడితే ఎడగారు. పచ్చబడకుండా నీళ్లూ, ఎండిన నేలా, మళ్లీ నీళ్లూ అన్న వరసలో వస్తే రొయ్యల గుంట.

రెండోది గుర్రపుడెక్క. ఊరి మురుగు చేరిన చెరువు మీద అది దట్టంగా కప్పేస్తే, నీటి సూచికకు ఆ చెరువు కనపడదు. పచ్చటి చేనులా వస్తుంది. నెల్లూరు చుట్టూ ‘చెరువు మాయమైంది’ అని నీ మ్యాపు చెప్పిన చోటికి వెళ్లి చూడకుండా రాయొద్దు. చెరువు అక్కడే ఉండొచ్చు, ఊపిరాడక.

మూడోదే నన్ను ఎక్కువ బాధపెట్టేది. లేఅవుట్ వేసి, రాళ్లు పాతి, అమ్మేసి వదిలేసిన భూమిలో సీమతుమ్మ కంప మొలుస్తుంది. దానికి వేసవి లేదు, ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. అందువల్ల సాగు ఆగిపోయిన నేల, వరి పండిన రోజులకంటే మే నెలలో ఎక్కువ పచ్చగా కనపడుతుంది. ఈ అంకె చూసి ‘పచ్చదనం పెరిగింది, పర్యావరణం మెరుగైంది’ అని రాసేసే ప్రమాదం ఉంది. పైరుకు ఒక నడక ఉంటుంది. నాటినప్పుడు తక్కువ, పొట్టకొచ్చేసరికి ఎక్కువ, కోతకు మళ్లీ పడిపోతుంది. కంపకు ఆ నడక ఉండదు, ఏడాదంతా గీతలా సాగుతుంది. గరిష్ఠంతో పాటు కనిష్ఠాన్ని కూడా లెక్కకట్టు, ఆ రెంటికీ తేడా ఎంతో చూడు. తేడా చచ్చిపోయిన పచ్చదనం కంపో, సరుగుడు తోపో, నిమ్మతోటో అయి ఉంటుంది. ఏదన్నది కాలినడకన వెళ్లినవాళ్లకే తెలుస్తుంది.

ఉప్పు కొఠార్ల విషయంలో నేను దెబ్బతిన్నాను. 1990ల్లో, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, అల్లూరు తీరం మ్యాపు నా చేతికొచ్చింది. అప్పట్లో చిత్రం కాగితం మీద అచ్చయి వచ్చేది, పచ్చటిదంతా ఎర్రగా, నీళ్లు నల్లగా. బల్ల మీద పరుచుకుని, గట్లు కట్టిన నలుచదరపు మడులన్నీ రొయ్యల గుంటలని గీసిచ్చాను. తర్వాత ఇసకపల్లి దగ్గరకు వెళితే, నేను గుంటలని గీసినవాటిలో ఉప్పు పోగులున్నాయి. అక్కడ పనిచేస్తున్న ఒక పెద్దాయనకు మ్యాపు చూపిస్తే, కాసేపు వేలితో తడిమి, ‘ఇవి మా తాతలనాటి కయ్యలబ్బాయ్, వీటిని రొయ్యలని రాస్తే రేపు మమ్మల్ని లేపేస్తారే’ అన్నాడు. ఆ మాటకు ఊరికే భయపడ్డాడని అనుకోవద్దు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, తీరప్రాంత నియంత్రణ పరిధిలోని రొయ్యల సాగు పరిశ్రమల్ని తొలగించమని తీర్పిచ్చింది. పులికాట్, చిలకా సరస్సులకు వెయ్యి మీటర్ల లోపల కూడా కూడదంది. మ్యాపు మీద ఒక రంగు తప్పుపడితే ఒక కుటుంబం బతుకు తెరువు మీదికి వస్తుంది. అప్పటినుంచి, నడిచి చూడని చోటికి నేను రంగు వెయ్యలేదు.

పిక్సెల్ పరిమాణాన్ని నువ్వు మన కొలతల్లోకి మార్చుకుంటే చాలా విషయాలు తేలికవుతాయి. ల్యాండ్‌శాట్ పిక్సెల్ 30 మీటర్లకు 30 మీటర్లు, అంటే సుమారు 22 సెంట్లు. ఎకరాకు నాలుగున్నర పిక్సెళ్లు. నెల్లూరులో మనం ఇంటిస్థలం అంకణాల్లో, సెంటుకంటే చిన్న కొలతలో, కొంటాం, ఆ ఉపగ్రహం 22 సెంట్లకు ఒక్క రంగు వేస్తుంది. ఆ 22 సెంట్లలో రెండు ఇళ్లు, ఒక వేపచెట్టు, నాలుగు కొబ్బరిచెట్లు, పశువుల పాక ఉంటే ఏ రంగు వస్తుంది? ఎక్కువసార్లు చెట్టు రంగే వస్తుంది. 1991 నాటి మన పల్లెలన్నీ అలాంటివే, చెట్ల కింద ఉన్న ఊళ్లు. అవి నీ పాత మ్యాపులో తోటలుగా పోతాయి. తర్వాత చెట్లు కొట్టి డాబాలు వేశాక కొత్త మ్యాపులో ‘నగరం’ అయి తేలతాయి. అక్కడ మనుషులు వందేళ్లుగా ఉన్నా, నీ లెక్కలో కొత్తగా పుట్టిన ఊరే. నగరం ఎన్ని రెట్లు పెరిగిందన్న అంకె ఇలా ఉబ్బుతుంది. నీ హద్దులోని పాత గ్రామకంఠాల్ని పాత సర్వే టోపో షీటు చూసి ముందే గుర్తించి పెట్టుకో. యూరప్ వాళ్ల సెంటినెల్-2 వచ్చాక, అంటే 2015 నుంచి, పది మీటర్ల పిక్సెల్ దొరుకుతోంది. అది రెండున్నర సెంట్లు. అక్కడ లేఅవుట్ రోడ్లు కూడా కనపడతాయి. కానీ 1991ని ల్యాండ్‌శాట్‌తో, 2023ని సెంటినెల్‌తో కొలిచి పోల్చావంటే అద్దం మార్చి చూపు మెరుగైందన్నట్టు ఉంటుంది. పోలికకు రెండు వైపులా ఒకే కొలత ఉండాలి. మధ్య సంవత్సరాలకు ల్యాండ్‌శాట్-7 వాడేటట్టయితే, 2003 మే 31న దాని పరికరం ఒకటి చెడిపోయి అప్పటినుంచి ప్రతి చిత్రంలో ఐదో వంతుకు పైగా చారలు చారలుగా ఖాళీ వస్తుంది. 2011 దాకా ల్యాండ్‌శాట్-5, 2013 నుంచి ల్యాండ్‌శాట్-8 వాడుకో.

నగరం హద్దు ఏదన్నది కూడా తేల్చుకో. 2004లో నెల్లూరు కార్పొరేషన్ అయింది, చుట్టుపక్కల పల్లెలు అందులో కలిశాయి. కాగితం మీద గీత జరిగితే నగరం పెరిగినట్టు కాదు. గాంధీబొమ్మ సెంటరు నుంచి పది కిలోమీటర్ల వలయం గీసుకుని రెండు సంవత్సరాలకూ అదే వాడు. అవతలి ఒడ్డున కోవూరు, పడుగుపాడు కూడా అందులోకి వస్తాయి, రావాలి కూడా.

ఉష్ణోగ్రత మ్యాపు తప్పు కాదమ్మా. పొలాలు వేడిగా, ఊరు చల్లగా వచ్చిందంటే నువ్వు లెక్క తప్పావని కాదు. ల్యాండ్‌శాట్ మన మీదుగా పోయేది ఉదయం పదిన్నర ప్రాంతంలో. ఆ వేళకు పైరు లేని పొడి నేల, చెమట పట్టని ఒంటిలా, ఎండ తగలగానే కాగిపోతుంది. ఊళ్లో గోడలకు నీడలున్నాయి, సందుల్లో చెట్లున్నాయి, కాంక్రీటు వేడెక్కడానికి సమయం పడుతుంది. పొడి ప్రాంతాల నగరాల్లో పగటిపూట ఇలా రావడం మామూలే. ఊరి వేడి తెలిసేది రాత్రి. పొలం సూర్యుడు పోగానే చల్లారుతుంది, డాబా తెల్లవార్లూ సెగలు కక్కుతుంది. అందుకే మనవాళ్లు డాబా మీద నీళ్లు చల్లి పడుకునేవాళ్లు. రాత్రి చిత్రాలు మోడిస్ పరికరం ఉన్న ఉపగ్రహాల నుంచి దొరుకుతాయి, పిక్సెల్ కిలోమీటరు అయినా నగరం మొత్తానికి సరిపోతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి 2018లో బిగించిన ఎకోస్ట్రెస్ పరికరం వేరువేరు వేళల్లో 70 మీటర్ల వివరంతో ఇస్తుంది. జనవరి చిత్రంతో కూడా చెయ్యి, అప్పుడు పైరున్న కయ్యలు చల్లగా, ఊరు వెచ్చగా వస్తుంది. మే, జనవరి రెండూ పక్కపక్కన పెడితే ఒక్క మ్యాపు చెప్పలేని కథ చెబుతాయి. ఇదంతా నేల ఒంటి వేడి, గాలి వేడి కాదన్న మాట మాత్రం రాయడం మరవొద్దు. ల్యాండ్‌శాట్-8 ఉష్ణ పిక్సెల్ అసలు పరిమాణం వంద మీటర్లు, రెండున్నర ఎకరాలు. మూలాపేటలో ఏ వీధి వేడిగా ఉందో దానితో చెప్పలేవు.

ఖచ్చితత్వం గురించి కొంచెం కఠినంగా చెబుతాను. ‘మొత్తం ఖచ్చితత్వం 92 శాతం’ లాంటి ఒక్క అంకె రాసి ఊరుకోవడం మన విద్యార్థులకు అలవాటైంది. నీ వలయంలో ఎనభై శాతం పొలాలుంటే, కళ్లు మూసుకుని అంతా పొలమే అని రంగేసినా ఎనభై వస్తుంది! తరగతికి కనీసం యాభై చోట్లు యాదృచ్ఛికంగా తీసుకో. ఇల్లని చెప్పినవాటిలో నిజంగా ఇళ్లెన్ని, నిజంగా ఇళ్లున్నవాటిలో నీ మ్యాపు పట్టుకున్నవి ఎన్ని, ఈ రెండు ప్రశ్నలకూ విడివిడిగా జవాబు రాయి. ఇంకోటి. రెండు మ్యాపులూ విడివిడిగా 85 శాతం సరైనవైతే, వాటిని ఒకదానిమీద ఒకటి పెట్టి తీసిన మార్పు మ్యాపు సుమారు 72 శాతమే సరి, ఎందుకంటే తప్పులు గుణించుకుంటాయి. నగరం అంచుల్లో మార్పులన్నీ ఆ తప్పుల్లోనే దాక్కుని ఉండొచ్చు.

ఇక్కడ మీ అన్న పనికొస్తాడు. గూగుల్‌లో కనపడుతుందని ఆయన అన్నది అబద్ధం కాదు. గూగుల్ ఎర్త్ ప్రోలో పాత తేదీల చిత్రాలు ఇంటి కప్పు కనపడేంత వివరంగా ఉంటాయి. అవి మన ఊరికి ఏ తేదీవి దొరికితే ఆ తేదీవే. ఒకటి వానాకాలానిది, ఒకటి ఎండాకాలానిది. వాటిలో పరారుణం ఉండదు కాబట్టి లెక్కకట్టడానికి పనికిరావు. కానీ నీ యాభై యాభై చోట్లను సరిచూడటానికి అంతకంటే మంచి సాధనం లేదు. ఆ పని అన్నకు అప్పగించు. నీ మ్యాపు చూపించకుండా, చోట్లు మాత్రమే ఇచ్చి, అక్కడ ఏముందో రాయమను. మ్యాపు గీసినవాళ్లే సరిచూసుకుంటే కళ్లు తమకు కావలసిందే చూస్తాయి.

ఇప్పుడు మీ నాయన ప్రశ్న. నన్నడిగితే నీ ప్రాజెక్టుకు అసలైన అంశం అదే. నగరం మొత్తాన్ని పైపైన గీయడం కంటే ఒక్క చెరువును ముప్పై ఐదేళ్లు వదలకుండా చూడటం మేలు. మీ గైడు గారిని మర్యాదగా అడుగు, నగరాన్ని మొదటి అధ్యాయం చేసి చెరువును రెండోది చేస్తానని. ఒప్పుకుంటారనే నా నమ్మకం, ఎందుకంటే ఇందులో ఫలితం గట్టిగా వస్తుంది.

చెరువు నీటి విస్తీర్ణం ఏటా మారుతుంది కాబట్టి, ఒక ఎండిన ఏడాదిని ఒక నిండిన ఏడాదితో పోల్చితే ఏమీ తేలదు. నిండిన ఏడాదిని నిండిన ఏడాదితోనే పోల్చాలి. 2015 నవంబరులో మన జిల్లాలో ఎంత వాన పడిందో మీ నాయనకు గుర్తుంటుంది. 2021 నవంబరు సరే సరి, సోమశిల నుంచి వచ్చిన నీళ్లకు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. అలాంటి వానల తర్వాత కూడా చెరువు తన పాత అంచు దాకా పరుచుకోలేదంటే, నీళ్లు లేక కాదు, నేల ఎత్తు చేశారని అర్థం. 2016 జనవరి, 2022 జనవరి చిత్రాలు తీసుకో. 1990ల్లో బాగా నిండిన ఏడాది ఏదో నాయనని, ఊళ్లో పెద్దవాళ్లని అడిగి ఆ మరుసటి జనవరిది తీసుకో. 1984 నుంచి ప్రపంచంలోని నీళ్లన్నిటినీ ల్యాండ్‌శాట్ చిత్రాలతో నెలనెలా లెక్కకట్టిన యూరోపియన్ కమిషన్ వాళ్ల మ్యాపు ఒకటి ఉచితంగా ఉంది. ఏ చోట ఎన్నిసార్లు నీళ్లు కనపడ్డాయో అందులో చూడొచ్చు. ముందు అది తెరిచి మీ చెరువు మీద పెట్టు, అరగంటలో సగం సంగతి తెలుస్తుంది.

మబ్బు పట్టిన రోజుల్లో ఏం జరిగిందో కావాలంటే రాడార్ ఉంది. సెంటినెల్-1 2014 నుంచి తిరుగుతోంది. దాని తరంగాలకు మబ్బూ చీకటీ అడ్డం కావు, నిలకడ నీళ్లు నల్లగా, ఇళ్లు తెల్లగా మెరుస్తూ వస్తాయి. 2021 వరదప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో వెతకడానికి ముందు పట్టుకోవాల్సింది దాన్నే. 2025 జులై 30న మన శ్రీహరికోట నుంచే నైసార్ అనే రాడార్ ఉపగ్రహం వెళ్లింది. మిద్దెలెక్కి చూశాం కదా, తోక మెరుస్తూ పోయింది. అది పన్నెండు రోజులకొకసారి భూమినంతా రాడార్‌తో కొలుస్తుంది. నీ తర్వాత వచ్చే పిల్లలకు అదొక వరం.

లేఅవుట్ ఎప్పుడు మొదలైందో పట్టడానికి ఒక గుర్తు చెబుతాను. ఇళ్లు రావడానికి చాలా ముందే ఎర్ర గ్రావెల్ తోలి రోడ్లు వేస్తారు. సెంటినెల్-2లో ఆ గళ్లు ఎర్రగా, తెల్లగా మెరుస్తాయి. ఐదు రోజులకొక చిత్రం ఉంటుంది కాబట్టి, మబ్బు లేకపోతే, ఏ నెలలో నేల చదును చేశారో నెల తేడాలో చెప్పగలవు. 2015కు ముందైతే మన ఇస్రో చిత్రాలున్నాయి. వాటిలో మొదటి ఉపగ్రహం ఐఆర్‌ఎస్-1ఏ 1988 మార్చి 17న వెళ్లింది. తర్వాతి తరంలో వచ్చిన లిస్-4 కెమెరా పిక్సెల్ 5.8 మీటర్లు, అంటే సెంటు కూడా ఉండదు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం దగ్గర ఇవి ఉంటాయి, కాలేజీ ద్వారా అడగాలి. ఇస్రో మ్యాపుల వెబ్‌సైటు భువన్‌లో ముందు చూసుకో.

అయితే ఉపగ్రహం ఎక్కడ ఆగిపోతుందో నాయనకు నువ్వే చెప్పాలి. ఫలానా చోట ఫలానా ఏడాది దాకా నీళ్లు నిలిచాయి, ఫలానా ఏడాది నేల ఎత్తయింది, ఇంతవరకు అది చెప్పగలదు. ఆ నేల పట్టాదా పోరంబోకా, ఎవరు ఎవరికి అమ్మారు అన్నది చెప్పలేదు. చెరువు అసలు హద్దు గ్రామ నక్షాలో, ఎఫ్‌ఎంబీలో (సర్వే కొలతల పుస్తకంలో) ఉంటుంది. వాటి నకళ్లు సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. ఆ హద్దును తెచ్చి నీ చిత్రాల మీద పెట్టినప్పుడు ఒకటి రెండు పిక్సెళ్లు అటూ ఇటూ జరుగుతుంది, ల్యాండ్‌శాట్‌లో అది ముప్పై, అరవై మీటర్లు. కాబట్టి ‘ఫలానా ప్లాటు చెరువులో ఉంది’ అని నీ అంతట నువ్వు రాయకు, పేర్లు అసలు రాయకు. అది సర్వేయరు కొలిచి చెప్పాల్సిన మాట. నీ పని విస్తీర్ణాల పట్టిక, తేదీలతో చిత్రాలు. అవి రెండూ ఊరి గ్రామసభలో పెట్టమని చెప్పు. కొన్నవాళ్లలో కూడా చిట్టీలు కట్టి, నగలమ్మి కొన్న మామూలు మనుషులే ఎక్కువ ఉంటారు. నాయనను ప్రింటు పట్టుకుని ఒంటరిగా ఎవరి గడపకూ పోనివ్వకు.

ఈసారి కార్తీకమాసం వానలు పడి చెరువు నిండాక, నాయనను వెంటబెట్టుకుని కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడువు. తూముల దగ్గర, కలుజు (నిండాక అదనపు నీళ్లు పొర్లిపోయే గోడ) దగ్గర, నీళ్లు ఆగిన అంచు పొడుగునా ఫోనులో బిందువులు తీసుకో, తేదీతో సహా. పాత అంచు ఎక్కడుండేదో ఆయన చూపించిన చోట్లా తీసుకో, అవి విడిగా రాయి. కలుజు ఎత్తు టేపుతో కొలిచి, కొత్తగా పగలగొట్టిన రాయి ఏమైనా ఉందేమో చూడు. వెనక ప్లాట్లు మునగకుండా కలుజును దించేస్తే చెరువు ఎప్పటికీ నిండదు. అప్పుడు నా లెక్క ప్రకారం నువ్వు ‘వానలు తగ్గాయి’ అని గానీ ‘నేల ఎత్తు చేశారు’ అని గానీ రాస్తావు, రెండూ తప్పవుతాయి. అంత చిన్న తేడా ఏ ఉపగ్రహానికీ ఆనదు. ఆ కొలత కూడా కలిపి నీ పట్టిక పంపు, చూస్తాను.